ఊరిబడియా, ఏరిన బడియా? – రెండువందల యేండ్ల వాదము



"మా యూరి బడి నిలుచునా, పోవునా?" యని గ్రామవృద్ధులు నన్ను పలుమాఱు అడుగుచుందురు. డోను, ప్యాపిలి, బేతంచెర్ల ప్రాంతముల రచ్చకట్టలమీద 2021వ సంవత్సరము మొదలుకొని, వానల మాటయు పంటధరల మాటయు ముగిసినపిమ్మట వినవచ్చు మాట యిదియే. చిన్నపిల్లలకు ఊరిలోనే చిన్నబడి యుండుట మేలా? లేక నాలుగూళ్ళ పిల్లలను ఒకచోట చేర్చి, తరగతికొక ఉపాధ్యాయుని నిచ్చి, మంచిబడి నొకదానిని నడుపుట మేలా? ఈ ప్రశ్న నేటి ప్రభుత్వములు క్రొత్తగా పుట్టించినదని పలువురు తలంచుచున్నారు. అది సరికాదు. దీనికి రెండువందల యేండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్రలో మన సీమకును చోటు కలదు. దానిని తెలిసికొని మాటలాడినచో మన వాదమునకు బలము చేకూరును. తెలియక మాటలాడినచో కేక మాత్రమే మిగులును.

మొదట 1823వ సంవత్సరమునకు పోవుదము. అప్పటికి కర్నూలు నవాబుగారి యేలుబడిలోనే యున్నది. 1839లో గాని కుంఫిణీవారి వశము కాలేదు. మన పొరుగున నున్న పత్తికొండ తాలూకా మాత్రము బళ్ళారి జిల్లాలో చేరియుండెను. 1858లో కర్నూలు జిల్లాకు మాఱినది. ఆ బళ్ళారి జిల్లాకు కలెక్టరుగా నున్న ఏ.డి. క్యాంబెల్ దొర తన జిల్లాలోని బడులను లెక్కపెట్టి 1823 ఆగస్టులో పైవారికి నివేదిక పంపెను. దాని ప్రకారము జిల్లాలో బడులు 533. అందు కన్నడపుబడులు 235, తెలుగుబడులు 226, సంస్కృతమువి 23, మహారాష్ట్రమువి 23, పారసీకమువి 21, అరవమువి 4, ఇంగ్లీషుది ఒకటి. చదువుకొను పిల్లలు 6,641 మంది. వారిలో ఆడుపిల్లలు 60 మంది మాత్రమే. జనసంఖ్యయో, తొమ్మిదిలక్షలకు పైమాట.

ఆ బడులు నడుచు తీరును క్యాంబెల్ చక్కగా వర్ణించెను. తెల్లవాఱగనే పిల్లలు బడికి రావలెను. అందఱికంటె ముందు వచ్చినవాని యరచేతిలో గౌరవార్థము సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవాని చేతిలో సున్న వ్రాయుదురు. అనగా వీనికి మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి మెల్లగా ఒక బెత్తపు దెబ్బ, నాల్గవవానికి రెండు. ఆ తరువాత వచ్చినవారికి ఒక్కొక్కటి హెచ్చు. బడి తమ వీధిలోనే యున్నది గనుక ఆలస్యమునకు సాకు లేదు. అయ్యవారు ఒక్కరే, పిల్లలు మాత్రము నాలుగు తరగతులు. పెద్దవారు చిన్నవారికి నేర్పుదురు. పెద్దవారికి అయ్యవారు నేర్పుదురు. ఏకోపాధ్యాయ పాఠశాల యన్నది నేడు లోపముగా వినబడు మాటయే గాని, ఆనాడు అది ఒక పద్ధతి. చెన్నపట్టణమున నుండిన బెల్ దొర ఈ పద్ధతి నుండియే నేర్చుకొని, దానిని ఇంగ్లాండునకు గొనిపోయి, మద్రాసు పద్ధతి యను పేరుతో ప్రచారము చేసెను.

క్యాంబెల్ ఇంకొక మాటయు వ్రాసెను. పూర్వము బడులుండిన పల్లెలు అనేకములలో ఇప్పుడు బడులు లేవనియు, పెద్దబడులుండినచోట కలిగినవారి బిడ్డలు కొలదిమంది మాత్రమే చదువుచున్నారనియు, దేశమునకు పట్టిన పేదఱికమే దీనికి కారణమనియు ఆయన తేల్చి చెప్పెను. పరాయి దొరతనపు ఉద్యోగి యొకడు ఇంత స్పష్టముగా చెప్పుట మెచ్చదగినది. బడి మూతపడుటకు మూలము పిల్లల సోమరితనము కాదు. అయ్యవారికి ఇచ్చుటకు తల్లిదండ్రులయొద్ద ఏమియు లేకుండుట.

ఈ లెక్కలను అడిగించినవాడు చెన్నపట్టణపు గవర్నరు సర్ థామస్ మన్రో. దత్తమండలములకు 1800 మొదలు 1807 వఱకు కలెక్టరుగా పనిచేసి, మన పల్లెలను ఎఱిగినవాడు. 1822 జూన్ 25వ తేదీన అన్ని జిల్లాలనుండియు లెక్కలు తెప్పింపవలెనని వ్రాసెను. లెక్కలన్నియు చేరినపిమ్మట 1826 మార్చి 10వ తేదీన తన యభిప్రాయమును వ్రాసెను. రాజధానిలో మొత్తము బడులు 12,498, విద్యార్థులు 1,88,650, ఇంచుమించుగా వేయిమంది జనమునకు ఒక బడి యున్నదన్నమాట.

ఇంత విరివిగా బడులున్నపుడు గవర్నరు ఏమి చేయదలచెను? శ్రద్ధగా వినుడు, మన వాదమునకు పునాది యిచ్చటనే యున్నది. ఉన్న వీధిబడులకు సాయము చేయుటకు బదులు, ఆయన క్రొత్తగా కొన్ని యేరిన బడులను పెట్టదలచెను. ప్రతి కలెక్టరేటునకు హిందువులకొకటి, మహమ్మదీయులకొకటి చొప్పున రెండేసి బడులు. ప్రతి తాసీలుదారీకి ఒక్కొక్క బడి. మొత్తము కలెక్టరేటు బడులు 40, తాసీలుదారీ బడులు 300. కలెక్టరేటు బడి ఉపాధ్యాయునికి నెలకు 15 రూపాయలు, తాసీలుదారీ బడి ఉపాధ్యాయునికి 9 రూపాయలు జీతము. ఈ బడులు మంచివిగా నడిచినచో, వానిని చూచి వీధిబడులు తమంతట తామే బాగుపడునని ఆయన యాశ.

ఆశ మంచిదే. కాని మన్రో 1827 జూలై 6వ తేదీన మన పొరుగుననే, పత్తికొండలో, విషూచి తగిలి మరణించెను. ఆయన జ్ఞాపకార్థము అచ్చట బావియు తోపును ఏర్పడినవి గాని ఆయన తలపెట్టిన బడులకు దిక్కు లేకపోయెను. లండనులోని డైరెక్టర్లు 1830లో, పల్లెచదువులకంటె పైతరగతులవారి ఉన్నతవిద్యకే ముఖ్యత నీయవలెనని వ్రాసిరి. 1836లో ఆ కలెక్టరేటు బడులును తాసీలుదారీ బడులును ఎత్తివేయబడినవి. 1841లో చెన్నపట్టణమున ఒక్క హైస్కూలు తెఱవబడెను; అదియే తరువాత ప్రెసిడెన్సీ కళాశాల యైనది. మూడువందల నలువది బడులకని మొదలైన యాలోచన పదునైదేండ్లలో ఒక్క పట్టణపుబడికి కుదించుకొనిపోయెను. పల్లెలలో మిగిలినవి ఎవ్వరి సాయమును లేక బ్రదికిన వీధిబడులే.

ఇందుండి ఒక నీతి తేలుచున్నది. మేలైన బడిని నాలుగూళ్ళ నడుమ నెలకొల్పుట తప్పు కాదు. దాని వెలుగు చుట్టుపట్ల పల్లెలకు తనంతట తానే ప్రసరించునని నమ్మి, పల్లెబడిని దాని కర్మమునకు వదలుటయే తప్పు.

ఇక నూఱేండ్లు దాటి 1929కి వత్తము. అప్పటికి చెన్నరాజధానిలో 1920వ సంవత్సరపు ప్రాథమికవిద్యా చట్టము వచ్చియుండెను; బోర్డుబడులు పెరుగుచుండెను. సైమన్ కమిషనునకు అనుబంధముగా ఏర్పడిన హార్టాగ్ సంఘము దేశపు చదువులను పరీక్షించి యొక భయంకరమైన లెక్కను బయటపెట్టెను. 1922–23లో ఒకటవ తరగతిలో చేరిన నూఱుగురిలో 1925–26 నాటికి నాలుగవ తరగతిలో నున్నవారు 18 మంది మాత్రమే. తక్కిన 82 మంది దారిలో జారిపోయిరి. బడులను మఱింత పెంచుటకంటె ఉన్నవానిని గట్టిపఱచుటయు, నిలువలేనివానిని చేర్చి ఒకటి చేయుటయు మేలని ఆ సంఘము చెప్పెను. నేడు మనము "విలీనము" అని పిలుచుచున్న దానికి మూలపురుషులు వీరే యనవచ్చును.

స్వాతంత్ర్యము వచ్చినపిమ్మట కొఠారీ సంఘము 1966లో దీనికి మాఱుమాట చెప్పినది. ప్రతి బిడ్డ యింటికి ఇంచుమించు ఒక మైలులోపల ప్రాథమిక పాఠశాల యుండవలెననియు, కలిగినవాని బిడ్డయు లేనివాని బిడ్డయు తమ యిరుగుపొరుగుననున్న ఆ బడియందే కలిసి చదువవలెననియు ఆ సంఘము కోరెను. అనగా హార్టాగ్ వారు "బలము చూడుడు" అనిరి; కొఠారీ వారు "దూరమును చూడుడు, అందఱిని చూడుడు" అనిరి. నాటినుండి నేటివఱకు మన విద్యాశాఖ ఈ రెండుమాటల నడుమ ఊగుచునే యున్నది.

ఈ వాదము మనకు మాత్రమే చెందినది కాదు. అమెరికా దేశమున తెల్లవారి పిల్లలును నల్లవారి పిల్లలును వేఱువేఱు బడులలో చదువుచుండిరి. వారిని బలవంతముగా కలుపబోగా తగవులు పెరిగినవి. అప్పుడు 1968లో టకోమా యను పట్టణమున ఒక యుపాయము పన్నిరి. నల్లవారి పేటలోని యొక బడిలో మిక్కిలి మంచి చదువును ఏర్పఱచి, తెల్లవారి పిల్లలు తమంతట తామే అచ్చటికి వచ్చునట్లు చేసిరి. ఇనుమును సూదంటురాయి లాగినట్లు పిల్లలను లాగుటచేత అట్టివానికి సూదంటురాయి బడులని పేరు వచ్చెను. వానిని ఎచ్చట పెట్టవలెను, ఎవరికి చోటీయవలెను, ఏది మూయవలెను అని అచ్చటి తల్లిదండ్రులును నేటికి సభలుచేసి వాదించుకొనుచునే యున్నారు.

మన రాష్ట్రమున అట్టి సూదంటురాయి 1971లో వెలసెను. ముఖ్యమంత్రిగా నుండిన పి.వి. నరసింహారావుగారి కాలమున, ఆ యేడు నవంబరులో, నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల తెఱవబడెను. మఱుసటి యేడు గుంటూరు జిల్లా తాడికొండలోను, మన సీమలో అనంతపురము జిల్లా కొడిగెనహళ్ళిలోను అట్టివే ఏర్పడినవి. ఆ 1972లోనే స్వాతంత్ర్య రజతోత్సవము పేర కర్నూలులో సిల్వర్ జూబిలీ కళాశాల వెలసెను. 1986 నుండి దేశమంతట నవోదయ విద్యాలయములు పుట్టినవి. కర్నూలు జిల్లాకు బనవాసిలో ఒకటి లభించెను. పరీక్షపెట్టి పల్లెపిల్లలను ఎన్నుకొని, కూడు గుడ్డ పుస్తకము లిచ్చి చదివించిన ఈ సంస్థలు కాపువాని కొడుకును, కూలివాని కూతురును పెద్దయుద్యోగములకు ఎక్కించినవి. ఇది కన్నులార చూచిన సత్యము. దీనిని కాదనువాడు కృతఘ్నుడు.

కాని యొక భేదమును మఱువరాదు. గురుకులములో చేరువాడు ఇంచుమించు పదేండ్లవాడు. ఊరిబడిలో చదివి, ఆ బలముతో పరీక్ష గెలిచినవాడు. సూదంటురాయి లాగుటకు ముందు ఇనుము సిద్ధముగా నుండవలెను గదా! ఆ యినుమును పోతపోసినది ఊరిబడియే. మొక్కై వంగనిది మానై వంగునా యను సామెత యందఱికి తెలిసినదే. అయిదవ యేట నుండి పదియవ యేటివఱకు బిడ్డ యెచ్చట నుండవలెనన్న ప్రశ్నకు గురుకులము జవాబు కాజాలదు.

2009లో పార్లమెంటు నిర్బంధ విద్యాహక్కు చట్టమును చేసెను; 2010 ఏప్రిల్ 1 నుండి అది అమలులోనికి వచ్చెను. దాని నియమముల ప్రకారము ప్రాథమిక పాఠశాల బిడ్డకు ఒక కిలోమీటరు లోపల నుండవలెను. ప్రతి బడికి యాజమాన్య సంఘ ముండవలెను. అందు నాల్గింట మూడుపాళ్ళు తల్లిదండ్రులు, మొత్తములో సగము స్త్రీలు. ఇది మనకు చట్టమిచ్చిన ఆయుధము. దీనిని మన పల్లెలలో ఎందఱు వాడుచున్నారో మీరే యాలోచింపుడు.

2020 జూలై 29వ తేదీన దేశమునకు నూతన విద్యావిధానము వచ్చెను. అది చదువుమెట్లను క్రొత్తగా విభజించెను. దాని నాధారము చేసికొని ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2022 జూన్ 10వ తేదీన 117వ సంఖ్యగల ఉత్తరువు వెలువరించెను. పాఠశాలలను ఆఱు రకములుగా విభజించి, ప్రాథమిక పాఠశాలలోని 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపలనున్న ఉన్నత పాఠశాలలో చేర్చుట దానియందు ముఖ్యమైన యంశము. ఊరిబడిలో 1, 2 తరగతులు మిగులును. ఆ జూలైలో బడులు తెఱవగానే రాష్ట్రమున అనేక గ్రామములలో తల్లిదండ్రులు బడులముందు కూర్చుండిరి. కొన్నిచోట్ల తాళములు వేసిరి.

ఆ దినములలో డోను ప్రాంతమందలి యొక పల్లెలో జరిగిన సభకు, ముసలి యుపాధ్యాయుడనని, నన్నును పిలిచిరి. రెండుపక్షముల మాటలును విన్నాను. నాపరాతి గనిలో పనిచేయు ఒక తండ్రి లేచి, "అయ్యవారూ, మా బళ్ళో ఒక్క సారే ఉన్నాడు. అయిదు తరగతులూ ఆయనే చెప్పల్ల. మీటింగు ఉందని ఆయన పోతే ఆ దినం బడే లేదు. హైస్కూల్లో లెక్కలకొకరు, ఇంగ్లీషుకొకరు ఉండారు. నా కొడుకు అక్కడికే పోనీ" అనెను. అతని మాటలో అబద్ధము లేదు. 1, 2 తరగతులకు మూడేసి, 3, 4, 5 తరగతులకు నాలుగేసి పాఠ్యాంశములు. మొత్తము 18 పాఠ్యాంశములు ఒక్కనిచేత చెప్పింపవలెనన్న ఏ పండితునికి మాత్రము సాధ్యము? ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేసినవాడనగుటచే ఆ బరువు నేనెఱుగుదును.

అంతట ఒక అవ్వ లేచెను. ఆమె కొడుకును కోడలును సుగ్గిపనికై గుంటూరు వైపు మిరపకోతలకు పోవువారు. ఆ నెలలలో మనుమరాండ్రిద్దఱును ఆమె పాలు. "చిన్నది రెండు, పెద్దది నాలుగు. నిన్నటిదాకా పెద్దది చిన్నదాని చెయ్యి పట్టుకొని పోతాండె. ఇప్పుడు పెద్దది రోడ్డు దాటి ఆ పక్కకు, చిన్నది ఈ పక్కకు. నేను యెవురెంట పోదును?" అని యడిగెను. ఉత్తరువులో కిలోమీటరని యున్నది. ఆ కిలోమీటరులో లారీలు పరుగెత్తు దారి యున్నదో, వానకాలమున పొంగు వంక యున్నదో, రైలుకట్ట యున్నదో ఉత్తరువులో లేదు. ఆ అవ్వ ప్రశ్నకు సభలో నెవ్వరును బదులు చెప్పలేకపోయిరి.

ఆ సభలోనే మూడవ రకపువారును ఉండిరి. ఊరిబడిని కాపాడవలెనని గట్టిగా మాటలాడిన పెద్దలలో కొందఱి మనుమలు ప్రతి ఉదయమున పచ్చని బస్సెక్కి పట్టణపు ప్రైవేటుబడికి పోవుచుండిరి. పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదన్నట్లు, ఊరిబడి తమ బిడ్డలకు పనికిరాదు గాని ఊరికి మాత్రము ఉండవలెను! పిల్లలు తగ్గిరని బడి చిన్నదగును. బడి చిన్నదని ఉపాధ్యాయుని తగ్గింతురు. ఉపాధ్యాయుడు లేడని ఇంకను పిల్లలు తగ్గుదురు. ఈ గానుగలో తిరుగుచున్నది ప్రభుత్వము మాత్రమే కాదు, ఊరును తిరుగుచున్నది.

2024లో ప్రభుత్వము మాఱెను. 2025లో ఆ 117వ ఉత్తరువును తొలగించి, పాఠశాలలను తొమ్మిది రకములుగా క్రొత్తగా ఏర్పఱచిరి. 3, 4, 5 తరగతులు చాలచోట్ల ప్రాథమిక పాఠశాలకు మఱలి వచ్చినవి. తరగతికొక ఉపాధ్యాయుడుండునట్లు ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు ఏర్పడినవి. అయితే నాలుగు బడుల పిల్లలు చేరినగాని ఆదర్శపాఠశాల నిండదు గనుక, ఏ యూరిబడి ఆదర్శమగును, ఏ యూరి పిల్లలు నడువవలెను అన్న వాదము మఱల పుట్టెను. పేరు మాఱినది, ప్రశ్న మాఱలేదు. మన్రో నాడు తాసీలుదారీ బడి, నేడు ఆదర్శపాఠశాల.

ఇక చరిత్ర మనకు నేర్పుచున్న దేమి? నా బుద్ధికి తోచినంతవఱకు మూడు మాటలు.

మొదటిది: దారిని పటముమీద గీతతో గాక, ఆఱేండ్ల బిడ్డ కాలితో కొలువవలెను. యాజమాన్య సంఘములోని తల్లులు ఇద్దఱు ముగ్గురు బడివేళకు ఆ దారిన నడిచి, ఎచ్చట రోడ్డు దాటవలెనో, ఎచ్చట వంక యడ్డమో వ్రాసి యీయవలెను. 1823లో ఆడుపిల్లలు 60 మందియే బడిలో నుండిరని వింటిమి. నేడు మన పల్లెలలో బాలికలు నిండుగా చదువుచున్నారు. బడి దూరమైనచో మొదట ఇంటనిలుచునది బాలికయే యని యుపాధ్యాయులందఱికిని అనుభవము.

రెండవది: మాట యిచ్చిన ఉపాధ్యాయులు ముందు రావలెను, పిల్లలు తరువాత కదలవలెను. మన్రో బడులు ఆశతో పుట్టి, ఆధారము లేక యెండిపోయినవి. తరగతికొకరు వచ్చి కూర్చున్న దినమున తల్లిదండ్రులను ఎవరును బ్రతిమాలనక్కఱలేదు. మంచిబడి తనంతట తానే లాగుకొనును.

మూడవది: మిగిలిన చిన్నబడికి ఏమి యగునని యడుగుట. పెద్దబడికి ఎంత వచ్చినదో అందఱు చూతురు. చిన్నబడికి ఎంత పోయినదో ఊరు మాత్రమే చూడగలదు. ఆ బడిలో మిగిలినవారు ఒకటవ, రెండవ తరగతుల పసివారు, వారి తల్లిదండ్రులు దినకూలికి పోవువారు, సభలకు రాలేనివారు. వారి తరఫున మాటలాడవలసిన బాధ్యత గ్రామవృద్ధులది.

తీర్మానము కాగితముమీద నుండవలెను; దానిపై తల్లుల సంతకములుండవలెను; ప్రతి యొకటి ఊరియొద్ద నుండవలెను. కేకకు గాలి తోడు. కాగితమునకు చట్టము తోడు. పెద్దబడి కావలెనని ఊరు తీర్మానించినను మంచిదే, చిన్నబడి చాలునని తీర్మానించినను మంచిదే. ఆ తీర్మానము ఊరు చేసినదై యుండవలెను. క్యాంబెల్ చూచిన బడులలో మొదట వచ్చిన బిడ్డ యరచేతిలో సరస్వతి పేరు వ్రాసిరి. ఆ గౌరవము తెల్లవాఱుజామున నడిచి రాగలిగిన బిడ్డకే దక్కెను. మన పల్లెలలోని ప్రతి బిడ్డయు అట్లు నడిచి రాగల దూరములో, చదువు చెప్పగల అయ్యవారొకరు ఉండునట్లు చూచుట మన తరము చేయవలసిన పని.